మద్రాసు రేవులో తెరచాపలు

క్రితం కార్తీక మాసంలో మన సంఘం వారి వనభోజనాలు లుముట్ దగ్గర తెలుక్ బాతిక్ ఒడ్డున జరిగిన సంగతి సభ్యులందరికీ తెలిసినదే. పులిహోర మిగిలిపోయిందనీ, పెరుగు చాలలేదనీ కార్యదర్శి గారు తమ నివేదికలో రాశారు కనుక ఆ ఊసు మేము మళ్లీ ఎత్తడం లేదు. ఉసిరి చెట్టు కిందనే తినాలని పట్టుబట్టిన పెద్దవారి కోసం ఒకరు తమ పెరటిలోని ఉసిరి కొమ్మ తెచ్చి ఇసుకలో గుచ్చారు. ఈ దేశంలో దాన్ని మెలాకా చెట్టు అంటారనీ, మెలాకా నగరానికి ఆ పేరు మన ఉసిరి వల్లనే వచ్చిందని ఇక్కడివారు చెప్పుకుంటారనీ అక్కడే తెలిసింది. దేశం కాని దేశంలో ఒక ఊరి పేరు మన తద్దినాల పచ్చడిలోంచి వచ్చిందంటే ఎవరికి సంతోషం కాదు?

కాని ఈ వ్యాసం ఉసిరి గురించి కాదు.

భోజనాలు ముగిసే వేళకు పంగ్కోర్ దీవి వైపున తెల్లని తెరచాపలు కనిపించాయి. ముందు రెండు, తరువాత అయిదారు, ఆ తరువాత లెక్కపెట్టడం మానేశాము. రాజా ముడా సెలంగోర్ పేరిట ఏటా నవంబరులో జరిగే తెరచాప పడవల పందెం అది. 1990లో మొదలైంది. పోర్ట్ క్లాంగ్‌లో బయలుదేరిన పడవలు మొదటి మజిలీగా పంగ్కోర్ చేరి, అక్కడినుంచి పినాంగ్, ఆపైన లంకావి వెళతాయి. ఆ రాజా ముడా వారే ఇప్పటి సెలంగోర్ సుల్తాను. స్వయంగా తెరచాప ఎత్తి సముద్రాలు దాటిన మనిషి.

పిల్లలు తినడం ఆపి నీళ్ల దగ్గరకు పరుగెత్తారు. వారిలో ఒక పదేళ్ల పిల్ల తిరిగి వచ్చి, బగాన్ దతో నుంచి మన ఆహ్వానం మీద వచ్చిన పెద్దాయన దగ్గర నిలబడి, "తాతయ్యా, మన వాళ్లు ఎప్పుడైనా ఇట్లాంటి పడవ నడిపారా?" అని అడిగింది. ఆయన డెబ్బై దాటినవారు. ఎనిమిదేళ్ల వయస్సులో తల్లి చెయ్యి పట్టుకుని 'రజులా' ఓడలో మద్రాసు నుంచి పినాంగ్ వచ్చారు. కాసేపు ఆలోచించి, "ఎక్కినాము గాని తల్లీ, నడిపింది మేం కాదు" అన్నారు.

ఆ మాట విని మాలో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

మరుసటి వారమే ఇంకో సంగతి జరిగింది. మన సభ్యులైన ఒక డాక్టరు గారి స్నేహితుడు, ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు ఒకరు లుముట్ వైపు పిల్లలకు శనివారాలు తెరచాప పడవ నడపడం నేర్పుతారు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను పంపితే మన వాళ్లకూ నేర్పుతానన్నారు. కార్యవర్గంలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు రేగిన దుమారం చూసినవారికి తెలుసు. శనివారం ట్యూషన్లు ఉన్నాయని కొందరు, కూచిపూడి క్లాసు ఉందని కొందరు, ఎండలో ఆడపిల్లలు నల్లబడిపోతారని ఇంకొందరు. ఒకరైతే తమ అబ్బాయి జాతకంలో జలగండం ఉందని జ్యోతిష్కుడు చెప్పిన సంగతి బయటపెట్టారు. ఇవన్నీ తల్లిదండ్రుల సహజమైన బెంగలే, వీటికి మేము సమాధానం చెప్పబోము. కాని చివరగా ఒకరు అన్న మాట మాత్రం మాకు గుచ్చుకుంది: "అవన్నీ దొరల ఆటలండీ. మనకెందుకు?"

నిజంగా దొరల ఆటేనా? అయితే ఎంతవరకు? ఈ ప్రశ్నతో మేము తిరగేసిన కాగితాలలోంచి ముఖ్యమైనవి పాఠకుల ముందు పెడుతున్నాము. మన ప్రాంతపు వారందరికీ ఒకప్పుడు రాజధాని మద్రాసే కనుక అక్కడి రేవులోని యాట్ క్లబ్బు కథే ఇందులో ఎక్కువ.

యాట్ అనే మాటను ఇంగ్లీషులో రాసే తీరుకూ పలికే తీరుకూ పొంతన లేదు. మాట డచ్చివారిది. వేట అని దాని అర్థం. దొంగ ఓడలను తరమడానికి కట్టిన చురుకైన చిన్న పడవలు కాలక్రమాన ధనికుల విలాసానికి మళ్లాయి. ప్రపంచంలో అన్నిటికన్న పాత యాట్ క్లబ్బుగా చెప్పుకునేది ఇంగ్లండులో లేదు, ఐర్లండులో ఉంది. కార్క్ రేవులో 1720 నుంచీ తన చరిత్ర లెక్కపెట్టుకుంటుంది. భారతదేశంలో రాయల్ బొంబాయి యాట్ క్లబ్బు 1846 నాటిది. మద్రాసుకు మాత్రం ఆ భాగ్యం 1911 దాకా పట్టలేదు. కారణం సరదా లేక కాదు, నిలవడానికి నీరు లేక.

మద్రాసు తీరం సంగతి మన కోస్తా వారికి వేరే చెప్పనక్కర లేదు. అడ్డం లేని సముద్రం, ఒడ్డున విరిగిపడే అలలు. ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలబడితే, మనుషులను, సరుకును మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. ఆ పడవకు ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేస్తారు. మేకులు కొట్టిన బిగుతు పడవ అల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ మాత్రం అలతో పాటు వంగి మళ్లీ నిటారవుతుంది. ఆ పేరు మచిలీపట్నాన్ని బట్టి వచ్చిందని కొందరంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, గవర్నర్లు, దొరసానులు, జడ్జీలు అందరూ అందులో తడిసి ముద్దయి, నల్లని చేతుల తెడ్ల మీద ఆధారపడే మద్రాసు నేల మీద కాలు పెట్టారు. ఇక్కడ ఆట లేదు, బతుకు తెరువే ఉంది. కాని ఆ అలలలో పడవ నడపడం తెలిసింది ఎవరికో గమనించండి.

కృత్రిమ రేవుకు 1875 డిసెంబరులో వేల్సు యువరాజు శంకుస్థాపన చేశాడు. సముద్రంలోకి రెండు రాతి చేతులు చాపి మధ్యన నీటిని కౌగిలించుకున్నట్టుగా పథకం వేశారు. పని చివరికొస్తుండగా 1881 నవంబరులో వచ్చిన తుఫాను ఆ చేతులను విరిచేసింది. మళ్లీ కట్టారు. కట్టిన తరువాత ఇంకో తిప్ప వచ్చిపడింది. తూర్పున ఉన్న ముఖద్వారం గుండా అల నేరుగా లోపలికి వచ్చి, లోపలి ఓడలు కూడా ఊగిపోయేవి. పైగా దక్షిణం నుంచి తీరం వెంట నడిచి వచ్చే ఇసుక ఆ గోడకు తగిలి ఆగిపోసాగింది. మెరీనా బీచి అంత వెడల్పు కావడం ఈ ఆగిన ఇసుక పుణ్యమే. అవతల ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం నేలను కోసుకుపోయింది. ఒకరికి మేలు, ఒకరికి కీడు. రేవులు కట్టినచోటల్లా ఇంతే.

ఈ చిక్కును విప్పిన మనిషి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. ఈయన పేరు మన గోదావరి జిల్లాల వారు ఎక్కువగా వినకపోయినా, ఆయన చేతి పని చూడని వారు మనలో తక్కువ. ఐర్లండులో 1849లో పుట్టి, డబ్లిను ట్రినిటీ కళాశాలలో చదివి, 1870లో ఇంజనీరుగా మన దేశం వచ్చాడు. ఈస్ట్ కోస్ట్ రైల్వే పనులలో పెద్ద బాధ్యత వహించాడు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైళ్లకు తెరిచిన పాత వంతెన, అంటే హేవలాక్ వంతెన నిర్మాణం ఆయన కృషితో ముడిపడి ఉంది. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయేవరకు ఎన్ని తరాలు ఆ వంతెన మీద కిటికీలోంచి గోదావరిలోకి పైసలు విసిరాయో! మేమూ విసిరాము. వరద నదులు గట్లు తెంచుకుని దారి మార్చకుండా వంతెన కిందికే నీటిని మళ్లించే పద్ధతి మీద 1903లో ఆయన ఒక గ్రంథం కూడా రాశాడు.

అలా గోదావరి నేర్పిన పాఠంతో 1904లో మద్రాసు రేవుకు అధిపతిగా వచ్చి 1919 దాకా ఉన్నాడు. తూర్పు ముఖద్వారాన్ని మూసివేయించి, అల తగలని విధంగా ఈశాన్యాన కొత్త దారి తెరిపించాడు. లోపల నీరు కుదుటపడింది. ఓడలు గోడకు ఆనుకుని నిలిచే వీలు కలిగింది. కుదుటపడిన ఆ నీటి మీద, 1911లో, తన అరవై రెండో ఏట, స్ప్రింగ్ దొర యాట్ క్లబ్బు స్థాపించాడు. రేవు దక్షిణ కొసన దానికి కేటాయించిన చోటికి ఆయన పేరు మీదనే స్ప్రింగ్‌హేవెన్ అని పేరు. తరువాత పేరుకు ముందు రాయల్ చేరింది. ఊరి పేరు 1996లో చెన్నై అయినా క్లబ్బు మాత్రం ఈనాటికీ రాయల్ మద్రాసు యాట్ క్లబ్బే. రాజూ లేడు, మద్రాసూ లేదు, పేరులో రెండూ ఉన్నాయి.

మరో మాట. స్ప్రింగ్ చదువుకున్న డబ్లిను దగ్గరనే 1887లో ఒక కొత్త ఆలోచన పుట్టింది. అంతకు ముందు పందేలలో డబ్బున్నవాడు పెద్ద పడవ కట్టించుకుని గెలిచేవాడు. అలా కాదు, అందరి పడవలూ ఒకే కొలత, ఒకే తెరచాప, గెలుపు మాత్రం నేర్పు గలవాడిది అని అక్కడివారు నిర్ణయించుకున్నారు. ఇప్పుడు ఒలింపిక్సులో జరిగే పందేలకు కూడా ఆ సూత్రమే ఆధారం. మాకు ఈ సూత్రం ఎంతో నచ్చింది. పడవలు సమానమే. కాని పడవ ఎక్కే మనుషుల సంగతి?

ఆ రోజుల్లో దొరల క్లబ్బులలోకి భారతీయుల ప్రవేశం ఎలా ఉండేదో పెద్దవారు ఎరుగుదురు. మద్రాసు క్లబ్బు అనే ప్రసిద్ధ సంస్థ తలుపులు స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు మనకు తెరుచుకోలేదు. ఆ అవమానం చూసే మన వాళ్లు 1873లోనే కాస్మోపాలిటన్ క్లబ్బు పెట్టుకున్నారు. నీటి మీది ఆటకూ నేల మీది మర్యాదలే వర్తించాయి. ఏ కళాసీ తాతలు మసూలా పడవలో దొరలను ఒడ్డుకు చేర్చారో, ఆ మనుమడు యాట్ క్లబ్బు పడవను కడిగి, తాడు విప్పి, పక్కకు నిలబడ్డాడు. తెరచాప ఎత్తడం వాడికి రాక కాదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేము. క్లబ్బు పెట్టిన మరుసటి ఏడు, 1912 మార్చి 1న, అదే రేవు కార్యాలయంలో లెక్కల విభాగంలో నెలకు 30 రూపాయల జీతం మీద ఒక గుమాస్తా చేరాడు. పేరు శ్రీనివాస రామానుజన్. ఆయన ప్రతిభను గుర్తించి పై వారికి చెప్పిన వారిలో స్ప్రింగ్ ఒకడు. 1914 మార్చిలో రామానుజన్ అదే రేవులో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లాడు. ఒక మనిషిలో ఎన్ని మంచి గుణాలున్నా కాలం గీసిన గీతలు కొన్ని ఉంటాయి. గుమాస్తాకు కేంబ్రిడ్జి దారి చూపడానికి చేయి చాపిన దొర కాలంలోనే, ఆయన క్లబ్బు పడవలో సామాన్యుడికి చోటు లేదు.

అదే ఏడాది సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. ఈ కథ మద్రాసు వారంతా చెబుతారు. మన పినాంగ్ వారు చెప్పే రెండో భాగం తక్కువ మందికి తెలుసు: అక్టోబరు 28న అదే ఎమ్డెన్ పినాంగ్ రేవులో దూరి ఒక రష్యా నౌకనూ, ఒక ఫ్రెంచి నౌకనూ ముంచింది. నవంబరులో కోకోస్ దీవుల దగ్గర ఆ నౌక పని అయిపోయింది. కాని దీవిలో దిగిన యాభై మంది దాకా నావికులు అక్కడున్న అయేషా అనే మూడు కొయ్యల తెరచాప ఓడను చేజిక్కించుకుని సుమత్రా దాకా పారిపోయారు. ఆవిరి యంత్రాల యుద్ధంలో చివరికి ప్రాణాలు కాచింది గాలి.

ఇప్పుడు అదే రేవులో రెండో రకం పడవ దగ్గరకు వద్దాము. మన పెద్దాయన ఎక్కింది అది.

స్ప్రింగ్ దొర కుదుటపరచిన నీటిలోనే, యాట్ క్లబ్బు తెల్ల తెరచాపలకు కనుచూపు మేరలో, మలయా వెళ్లే ఓడలు నిలబడేవి. మద్రాసుకు కొద్ది దూరాన ఆవడిలో కూలీల శిబిరం ఉండేది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల వెంట వచ్చిన వారిని అక్కడ కొన్నాళ్లు ఉంచి, టీకాలు వేసి, ఓడ ఎక్కించేవారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిలిపివేసేవరకు ఈ రాకపోకలు సాగాయి. ఆ తరువాత కూడా అక్కడున్న తండ్రి దగ్గరకు పిల్లలు, భర్త దగ్గరకు భార్యలు వస్తూనే ఉన్నారు. వారిని ఎక్కువగా తెచ్చింది రజులా. 1926లో గ్లాస్గోలో కట్టిన ఓడ. కట్టిన కొత్తలో డెక్కు మీది ప్రయాణికులనే 5,000 మందికి పైగా ఎక్కించుకునే అనుమతి ఉండేది. మద్రాసు, నాగపట్నం, పినాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూరు దాని దారి. పినాంగ్ చేరాక డెక్కు వారిని తిన్నగా ఇంటికి పోనివ్వరు. జెరెజక్ దీవిలో క్వారంటైను. 1973లో రజులా ఆ దారి నుంచి తప్పుకుంది. ఆ తరువాత చిదంబరం ఓడ నడిచింది. 1985 ఫిబ్రవరిలో సముద్రం మధ్యన దానికి నిప్పంటుకుని ప్రాణనష్టం జరిగాక ఆ ఓడ దారే ముగిసిపోయింది.

మనలో చాలామందిమి విమానాలలో వచ్చినవారము. ఆసుపత్రులలో, సెరి ఇస్కందర్ వైపు విశ్వవిద్యాలయంలో, కంపెనీలలో ఉద్యోగాల కాగితం చేతిలో పట్టుకుని వచ్చాము. సముద్రం మనకు కిటికీ లోంచి కనిపించిన నీలి రంగు మాత్రమే. బగాన్ దతో కొబ్బరి తోటల తెలుగు వారికి అలా కాదు. వారి ఇళ్లలో సముద్రం అంటే దాటి వచ్చినది, మళ్లీ దాటలేకపోయినది. పెద్దాయన మాతో చెప్పినది ఇది: ఓడ కదిలే ముందు ఆయన తల్లి ఇటు తిరగక అటు ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నదట. పిల్లవాడు మాత్రం రేవులో ఆడుతున్న చిన్న తెల్ల పడవలు చూసి, "అమ్మా, అవెక్కడికి పోతున్నాయి?" అని అడిగాడట. "ఎక్కడికీ పోవురా, సాయంత్రానికి ఇంటికి పోతాయి" అన్నదట తల్లి. సాయంత్రానికి ఇంటికి చేరే పడవలు ఉంటాయని తనకు అప్పుడే తెలిసిందని ఆయన అన్నారు. అవి యాట్ క్లబ్బు పడవలే అయి ఉంటాయని మా ఊహ.

కనుక దొరల ఆట అన్న సభ్యుడి మాటలో నిజం లేకపోలేదు. కాని అది సగం నిజం. తెరచాప మాత్రం దొరలది కాదు. రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. ఏ రాజైనా తనకు గర్వకారణమైన దాన్నే నాణెం మీద వేస్తాడు. గోదావరి ముఖాన యానాం పక్కన కోరంగి రేవులో ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. బర్మాలో తెలుగు వారందరినీ కోరంగీలని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వ్యాపించిందో చూడండి. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఆ రేవును ముంచింది. రెండోసారి ముంచాక అది లేవలేదు. నిన్న మొన్నటి దాకా గోదావరి మీద వాలుగాలికి చాప ఎత్తి పోయే పడవలను చూసినవారు మనలోనే ఉన్నారు. తెరచాప, చుక్కాని, లంగరు, తెడ్డు, సరంగు, ఎదురుగాలి, వాలుగాలి. ఇన్ని మాటలు నోట్లో ఉంచుకుని ఆ ఆట మనది కాదంటే ఎలా?

స్వాతంత్ర్యం తరువాత మద్రాసు క్లబ్బు తలుపులు తెరుచుకున్నాయి. దొరలు వెళ్లిపోయాక ఆటకు వచ్చినవారు భారతీయులే. మొదట్లో కలిగిన కుటుంబాల వారే ఎక్కువ. ఆ మాట దాచనక్కరలేదు. కాని అదే తీరంలో పిల్లలకు వేసవి శిబిరాలు పెట్టడం మొదలయ్యాక గాలి తిరిగింది. అలాంటి శిబిరంలో పడవ పట్టిన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్, తెరచాప పందేలలో ఒలింపిక్సుకు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ అయింది. 2021లో జరిగిన టోక్యో పోటీలలో ఆమె, మన మలేసియా అమ్మాయి నూర్ షజ్రిన్ ఒకే తరగతి పడవలలో ఒకే నీటి మీద పోటీ పడ్డారు. మన ఇంట్లో టీవీ ముందు ఎవరి వైపు చేతులు తట్టాలో తేలక పిల్లలు ఇద్దరికీ తట్టారు.

మన తెలుగు అమ్మాయిల మాట చెబితే కొందరు తల్లులకైనా ధైర్యం కలుగుతుందేమో. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు భారత నౌకాదళ మహిళా అధికారులు బయలుదేరారు. పడవ పొడవు 55 అడుగులు. మన ఇపోలో వరుస ఇళ్లలో ఒక ఇంటి లోతు కన్న ఎక్కువేమీ కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణ అమెరికా చివరి కొమ్ము, ఫాక్‌లాండ్ దీవులు, కేప్ టౌన్ దాటి, చుక్కాని యంత్రం చెడిపోతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని, 2018 మే 21న గోవా చేరారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన వాళ్లు: విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. భూగోళం చుట్టి వచ్చిన వారికి ఎండకు రంగు మారే ఉంటుంది. ప్రధానమంత్రి దగ్గర నుంచి మామూలు జనం దాకా చూసింది వారి రంగును కాదు.

హైదరాబాదు అనగానే గుర్తొచ్చింది. సముద్రానికి వందల మైళ్ల దూరాన ఉన్న ఆ ఊళ్లో కూడా హుస్సేన్ సాగర్ మీద తెరచాపలు ఎగురుతాయి. 2009లో మొదలైన అక్కడి యాట్ క్లబ్బు బీద కుటుంబాల పిల్లలను, సర్కారు బడి పిల్లలను తెచ్చి నేర్పింది. వారిలో ప్రీతి కొంగర అనే అమ్మాయి ఆసియా క్రీడల భారత జట్టు దాకా వెళ్లింది. క్లబ్బు అంటే తలుపు మూసుకునేదే కానక్కరలేదని మాకు ఈ ఉదాహరణ వల్ల తెలిసింది.

మన ఇపో కూడా నీటి పుణ్యాన పుట్టిన ఊరే. కింటా నదిలో పడవలు రాగలిగిన చివరి చోటు ఇది. తగరం ఇక్కడే పడవల కెక్కేది. పెరాక్ మీద ఇంగ్లీషు వారి పెత్తనానికి దారి తీసిన ఒప్పందం కూడా నేల మీద జరగలేదు. 1874 జనవరి 20న, పంగ్కోర్ దగ్గర, ప్లూటో అనే ఓడ మీద సంతకాలయ్యాయి. మనం వనభోజనాలు చేసిన ఒడ్డున నిలబడితే కనిపించే నీళ్లే అవి. ఇప్పుడు అదే నీళ్ల మీద మాస్టారి చిన్న పడవలు తిరుగుతున్నాయి.

ఆ చిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే పడవలు కట్టే ఆయన పిల్లల కోసం గీసిన నమూనా. పొడవు ఎనిమిది అడుగులకు కొంచెం తక్కువ. ఒక పిల్లవాడు, ఒక తెరచాప, ఒక చుక్కాని. తల్లిదండ్రులకు అందులో చోటు లేదు. మా ఉద్దేశంలో అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ట్యూషనులోనైనా, నాట్యంలోనైనా మనం తలుపు పక్కన కుర్చీలో కూర్చోగలం. ఇక్కడ పిల్ల ఒక్కతే గాలితో మాట్లాడుకోవాలి.

ఒక శనివారం మేము వెళ్లి చూసి వచ్చాము. ముందు రెండు వారాలు పడవే ఎక్కించరు. ఈత వచ్చునో రాదో చూస్తారు, లైఫ్ జాకెట్టు సరిగా కట్టుకోవడం, ముడులు వేయడం నేర్పుతారు. ఆ తరువాత కావాలనే పడవను తిరగేయిస్తారు. పిల్లలు నీళ్లలో పడి, పడవ అడుగున ఉన్న పలక మీదికెక్కి బరువు వేసి దాన్ని మళ్లీ నిలబెట్టుకోవాలి. అది వచ్చేవరకు తెరచాప ముట్టనివ్వరు. తాడు కట్టిన మోటారు పడవలో మాస్టారు పక్కనే ఉంటారు. జలగండం ఉన్నవారికి ఇంతకన్న పరిహారం ఏ పూజారీ చెప్పలేడని మాతో వచ్చిన డాక్టరు గారు అన్నారు.

మాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. గాలికి నేరుగా ఎదురు వెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. అలాగని ఆగిపోనక్కర లేదు. గాలికి ఏటవాలుగా కొంత దూరం కుడికి, మళ్లీ తిప్పి కొంత దూరం ఎడమకు, మెట్లు ఎక్కినట్టు పోతుంటే చివరికి గాలి వచ్చే వైపుకే చేరుకుంటాము. తిప్పే ప్రతిసారీ తెరచాప కొయ్య ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగుతుంది. అప్పుడు తల వంచకపోతే బొప్పి కట్టడం ఖాయం. అక్కడి పిల్లల నుదుళ్ల మీద ఆ సాక్ష్యం ఉంది.

ఇప్పటికి పేర్లు ఇచ్చినవారు ఏడుగురు. అందులో ఆడపిల్లలు నలుగురు. వనభోజనాలలో ప్రశ్న అడిగిన చిన్నది మొదటి పేరు. దొరల ఆట అన్న సభ్యుడు తమ అబ్బాయి పేరు ఇచ్చి, తాము మాత్రం మాట వెనక్కి తీసుకోవడం లేదని రాయమన్నారు. అలాగే రాస్తున్నాము. కూచిపూడి టీచరు గారు శనివారం క్లాసును ఆదివారం సాయంత్రానికి మార్చడానికి ఒప్పుకున్నారు. ఆమెకు మా కృతజ్ఞతలు.

వచ్చే నెల మొదటి శనివారం ఉదయం ఆరున్నరకు అలవాటైన చోటనే వ్యాను ఉంటుంది. లుముట్ ఎనభై కిలోమీటర్లు కనుక ఆలస్యంగా వచ్చేవారి కోసం ఆగడం కుదరదు. పిల్లలకు రెండు జతల బట్టలు, టోపీ, తువ్వాలు, తాగే నీరు పంపవలెను. నగలు వేసి పంపవద్దు. బగాన్ దతో పెద్దాయన తానూ వచ్చి ఒడ్డున కూర్చుంటానని కబురు చేశారు. ఆయనను సితియవాన్‌లో ఎక్కించుకోవాలి. ముందు సీటు ఆయన కోసం ఖాళీగా ఉంచవలసిందిగా కోరుతున్నాము.